యజమాని పేరు

తెల్లవారుజామున ఐదున్నరకు తిరుపతిలో కారు దగ్గరికి వెళ్లేసరికి ముందు సీటు నిండిపోయి ఉంది. నీలంరంగు ఐసుపెట్టె ఒకటి దర్జాగా కూర్చుని ఉంది. దానికి సీటుబెల్టు కూడా పెట్టారు. "మీరు వెనక కూర్చోండన్నా, ఈ పొద్దు వీఐపీ అదే," అంది డాక్టరమ్మ. పెట్టెలో ఉన్నది కుక్కలకు వేసే రేబీస్ టీకా. రెండు డిగ్రీల కంటే చల్లబడకూడదు, ఎనిమిది డిగ్రీల కంటే వెచ్చబడకూడదు. వంద కిలోమీటర్ల దారిలో ఆమె తిరిగి చూసిందంటే నా వైపు కాదు, ఆ పెట్టెలోని థర్మామీటరు వైపే.

ఆమె కుక్కల డాక్టరు. వాళ్ల భాషలో 'చిన్న జంతువుల వైద్యురాలు'. మా ఇంట్లో కుక్క ఉన్న ఏడేళ్లూ దాన్ని చూసింది ఆమే. పేరు మాత్రం రాయొద్దంది. "రాస్తే రేపట్నుంచి ఫోనులోనే వైద్యం అడుగుతారు."

ఆమె క్లినిక్‌లో జంతువులను కదలకుండా పట్టుకునే కుర్రాడిది పులికాట్ ఒడ్డున చిన్న ఊరు. "మా ఊర్లో కుక్కలు జాస్తి మేడం. పిలకాయలతోనే తిరగతా ఉంటాయి. ఒక్కదానికీ సూది పడలేదు," అని ఏడాదిగా చెబుతున్నాడట. సంక్రాంతి సందడి ముగిశాక ఒక ఆదివారం కుదిరింది. పక్షుల్ని చూద్దామని నేను, కుక్కల్ని చూద్దామని ఆమె బయల్దేరాం.

శ్రీకాళహస్తి దగ్గర సువర్ణముఖి ఇసుక మీద ఇంకా మంచు లేవలేదు. గోపురం కనబడగానే ఆమె నవ్వింది. "ఈ ఊరి పేరులో మనిషే లేడు, గమనించారా? శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. మొత్తం మా పేషెంట్లే. సాలెపురుగు సిలబస్‌లో లేదనుకోండి. కన్నప్పనైతే కాలేజీలో మా సర్జరీ డిపార్ట్‌మెంటులో కలిపేసుకున్నాం."

ఆ కాలేజీ తిరుపతిలోనే ఉంది. ఒకప్పుడు ఈ జిల్లాల పిల్లలు పశువైద్యం చదవాలంటే 1903లో మొదలైన మద్రాసు కళాశాలే దిక్కు. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది, 1955లో తిరుపతి పశువైద్య కళాశాల వచ్చింది. 2005లో దాని చుట్టూ శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఈమె అందులో చేరింది మాత్రం చాలామందిలాగే మొదటి కోరిక తీరకపోవడం వల్ల. నాన్నకు ఎంబీబీఎస్ మీద ఆశ. ర్యాంకు దాకా వెళ్లి ఆగిపోయింది. ఇంటికొచ్చిన చుట్టాలు "పశువుల డాక్టరా?" అని దీర్ఘం తీసేవారట. ఆ దీర్ఘం ఇప్పటికీ కొందరి నోట వినబడుతూనే ఉందంది.

ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల చదువు. "మనుషుల డాక్టరు నేర్చుకునేది ఒకే ఒళ్లు. మాకు ఆవుతో మొదలుపెట్టి, దాంతో పోల్చుకుంటా గుర్రం, కుక్క, పంది, కోడి. ఆవుది నాలుగు అరల పొట్ట, కుక్కది ఒకటే. కోడికి పళ్లుండవు, కందనకాయ ఉంటుంది. మీరు తలనొప్పికి వేసుకునే పారాసిటమాల్ ఒక్క బిళ్ల పిల్లికి పెడితే పిల్లి చచ్చిపోతుంది. ప్రేమతోనే పెడతారు, మళ్లీ వాళ్లే ఏడుస్తా ఎత్తుకొస్తారు."

నాయుడుపేటలో ఇడ్లీ తింటూ, మరి ఇష్టం ఎప్పుడు మొదలైందని అడిగాను. ఆమె కాలేజీ గురించి చెప్పలేదు, కనుమ గురించి చెప్పింది. పలమనేరు వైపు తాతగారి ఊరు. కనుమ నాడు చీకటితోనే మగవాళ్లు అడవికి పోయి మద్ది చెక్క, నేరేడు చెక్క, మోదుగ పువ్వు, నల్లేరు, మారేడు కాయ తెచ్చేవారు. అన్నింటికీ ఉప్పు చేర్చి రోట్లో దంచితే ఉప్పుచెక్క. చిత్తూరు పల్లెల్లో ఏడాదికొకసారి పశువులకు పెట్టే మందు అది. చేదుకు ఏ ఆవూ దాన్ని మింగదు. తాత మాత్రం ఆవు దవడ పక్కనుంచి చెయ్యి పోనిచ్చి, నాలుకను ఒక వారకు లాగి, ముద్దను గొంతు దగ్గర వదిలేవాడట. కొరుకుతుందేమోనని ఎనిమిదేళ్ల పిల్ల కళ్లు మూసుకునేది. "ఆడ పళ్లుండవులే తల్లీ," అని ఆమె చెయ్యి తీసుకుని ఆ సందులో పెట్టించాడు ఒకసారి.

"ఫస్టియర్ అనాటమీలో ముందు పళ్లకీ దవడ పళ్లకీ నడుమ ఖాళీని డయాస్టెమా అంటారని చెప్పారు. క్లాసులో అందరూ రాసుకుంటా ఉన్నారు. నా వేళ్లకు మాత్రం ఆ తడి తెలిసింది. ఈ చదువు నాదే అనుకున్నాను ఆ పొద్దు."

అయితే ఆవుల డాక్టరు కావాల్సింది, కుక్కల వైపు ఎందుకు? ఇంటర్న్‌షిప్‌లో రెండూ చూసిందట. ఆవు వచ్చినా, గేదె వచ్చినా మొదటి మాట పాల లెక్క. ఎన్ని లీటర్లు ఇస్తుంది, మళ్లీ కడుతుందా, అమ్మితే ఎంత వస్తుంది. అందులో తప్పేమీ లేదు, ఇల్లు గడిచేది దాని మీదే. పశువైద్యం బడి అనేది ప్రపంచంలో పుట్టిందే ఆ లెక్కలోంచి. 1761లో ఫ్రాన్సులోని లియాన్‌లో మొదటి కళాశాల పెట్టింది పశువుల మందల్ని తుడిచిపెడుతున్న రిండర్‌పెస్ట్ భయంతో. తెలుగులో పాత గ్రంథాలు వెతికితే మనుమంచి భట్టు 'హయలక్షణ విలాసం' కనబడుతుంది. అది గుర్రాల గురించి. రాజుకు గుర్రం, రైతుకు ఎద్దు. వీధి కుక్కకు ఎవరు గ్రంథం రాస్తారు?

"పాలివ్వదు, దున్నదు, అమ్మితే రూపాయి రాదు. అట్లాంటిదాన్ని ఆటోలో వేసుకుని, పనికి సెలవు పెట్టి, అప్పు చేసి మరీ ఎందుకు తెస్తున్నారో అర్థం కాలేదు నాకు. అది చూద్దామనే ఇటు వచ్చాను."

చూసి ఏం తెలుసుకుందో కూడా చెప్పింది. వాళ్ల క్లినిక్ కార్డులో మొదటి గడి జంతువు పేరు కాదు, యజమాని పేరు. వైద్యం కూడా అక్కడే మొదలవుతుందట. పార్వో వైరస్ సోకిన కుక్కపిల్లను తెచ్చినవాడు "నిన్నటిదాకా బాగుండాది మేడం" అంటాడు. పెదవి ఎత్తి, చిగురు మీద వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. రాదు. మూడు రోజులుగా వాంతులు అయుంటేనే ఒళ్లు అంతగా ఎండిపోతుంది. అతను అబద్ధం చెప్పడం లేదు. పట్టించుకోలేదన్న సిగ్గుతో మూడు రోజుల్ని ఒక రోజు చేసుకున్నాడు. ఆ సిగ్గును గట్టిగా తాకితే మళ్లీ రాడు. తాకకపోతే అసలు సంగతి తెలియదు. ఖర్చు సంగతీ అంతే. "ఎంతవుతుందో ముందే చెప్పమ్మా," అని తల దించుకుని అడిగేవాళ్లను ఆమె ఎక్కువ నమ్ముతుందట.

"కుక్కలంటే ఇష్టం కాబట్టి ఈ చదువుకు వస్తామని పిల్లలు చెబుతారన్నా. మనుషులతో మాట్లాడే ఓపిక ఉందా అని అడుగుతాను నేను. కుక్క దానంతటది క్లినిక్‌కి రాదు కదా."

మా కుక్క ఆఖరి రోజు గుర్తొచ్చింది. నన్ను దాని మొహం దగ్గర కూర్చోబెట్టి, ఇప్పుడు ఏం చేస్తున్నానో, తర్వాత ఏమవుతుందో ఒక్కొక్కటే చెప్పింది. అయ్యాక కార్డు మీద తేదీ వేసి మూసింది. లోపలికి వెళ్లి చాలాసేపు చేతులు కడుక్కున్న చప్పుడు నాకు వినబడింది. ఆ మాటెత్తితే, "ఆ తర్వాత లోపలికొచ్చింది రెండు నెలల లాబ్రడార్ పిల్ల. ఇంటిల్లిపాదీ దాన్ని చూసి మురిసిపోతా ఉన్నారు. నేనూ నవ్వాలి కదా. అందుకే అంత సేపు కడుక్కున్నా," అంది. అమెరికాలో, బ్రిటన్‌లో పశువైద్యుల ఆత్మహత్యలు మామూలు జనంలో కంటే ఎక్కువని పరిశోధనలు తేల్చాయి. ఆ మాట ఆమే చెప్పి, మిగిలిన ఇడ్లీ ముక్క తినేసి లేచింది.

దొరవారిసత్రం దాటి నేలపట్టు మలుపు తిరగ్గానే ముందు వాసన వచ్చింది, తర్వాత గోల. చెరువులో నడుముల్లోతు నీళ్లలో నిలబడ్డ కడప చెట్లు తెల్లబడిపోయి ఉన్నాయి. కొమ్మకు నాలుగైదు గూడబాతుల గూళ్లు. కింది కొమ్మల్లో నత్తగుల్ల కొంగలు, నీటికాకులు. తల్లి మూతి కింది సంచిలోకి పిల్ల తల దూర్చేసి, మెడదాకా లోపలికి పోయి చేప తింటోంది. ఆకలి ఎట్లా ఉంటుందో అక్కడ కళ్లారా చూడొచ్చు.

1976లో ప్రభుత్వం దీన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించింది. ఊరివాళ్లు మాత్రం ఆ ప్రకటన కోసం కాచుకుని కూర్చోలేదు. పక్షులు వచ్చిన ఏడు వానలు నిండుగా ఉంటాయని వాళ్ల నమ్మకం. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పారితే పైరు బలంగా వస్తుందని వాళ్ల అనుభవం. గట్టు మీద కూర్చున్న ముసలాయన్ని ఈ పక్షులు ఎక్కణ్నుంచి వస్తాయని అడిగితే, "యాడ్నించో ఏంది? ఇది వాటికి పుట్టిల్లు. కాన్పుకొస్తాయి, బిడ్డల్ని ఎత్తుకుని పోతాయి," అన్నాడు.

గట్టుకు దగ్గరి చెట్టు కింద బురదలో గూడబాతు పిల్ల ఒకటి పడి ఉంది. రెక్కలు ఇంకా రాలేదు. మెడ ఎత్తుతోంది, దించుతోంది. నేను డాక్టరమ్మ మొహం చూశాను. ఆమె రెండు చేతులూ స్వెట్టరు జేబుల్లో పెట్టుకుంది.

"ఏమీ చెయ్యలేమా?"

"బలమున్న పిల్ల బలం లేనిదాన్ని తోసేస్తుంది. చేప చాలకపోయినా పడిపోతుంది. అదే గూట్లో మళ్లీ పెడితే మళ్లీ తోసేస్తుంది. చెట్టెక్కితే అన్ని తల్లులూ ఒక్కసారి లేస్తాయి, ఇంకో పది పిల్లలు పడతాయి." వాచరును పిలిచి చూపించింది. అడవి ప్రాణి కాబట్టి ముట్టుకునే హక్కు అటవీశాఖదే. అతను ఫోను తీసి ఎవరికో చెప్పాడు. మేం గట్టు మీద ముందుకు నడిచాం. ఆమె చేతులు చాలాసేపటి వరకు జేబుల్లోనే ఉన్నాయి.

"క్లినిక్‌లో అయితే ముందు 'ఎవరిది?' అని అడుగుతాను. దాన్నిబట్టే అంతా. ఇక్కడ ఆ ప్రశ్న అడిగేదానికే లేదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో కొన్నేళ్ల కింద ఇట్లాంటి గూడబాతులే వరసపెట్టి చచ్చిపోయాయి. కోసి చూస్తే పొట్టనిండా నులిపురుగులు, చేపల్లోంచి వచ్చినవి. కుక్కకైతే ఒక బిళ్లతో పోతుంది. వందల పక్షులకు ఎవరు పెడతారు బిళ్ల? చెరువుకు వైద్యం చెయ్యాలి, పక్షికి కాదు."

నడుస్తూ రాబందుల సంగతి చెప్పింది. నొప్పి తగ్గడానికి ఆవులకు డైక్లోఫెనాక్ సూది వేసేవారు. వేసింది పశువైద్యులే, అడిగింది యజమానులే. ఆవు చచ్చాక ఆ కళేబరం తిన్న రాబందుల మూత్రపిండాలు పాడయ్యాయి. 2004లో శాస్త్రవేత్తలు కారణం పట్టుకునేసరికే కొన్ని జాతుల్లో నూటికి తొంభై అయిదుకు పైగా పోయాయి. 2006లో మన దేశం ఆ మందును పశువులకు నిషేధించింది. రాబందులు పోయాక కళేబరాలు కుక్కల పాలయ్యాయి. కుక్కలు పెరిగాయి, వాటితో రేబీస్ మరణాలు పెరిగాయని పరిశోధకుల అంచనా. "యజమాని ఉన్న ఆవుకు మేం వేసిన సూది, ఎవరిదీ కాని పక్షిని చంపింది. తిరిగి తిరిగి మనిషి పిల్లాడిని కరిచింది. ముందు సీట్లో పెట్టె ఎందుకు కూర్చుందో ఇప్పుడు చెప్పండి."

సూళ్లూరుపేటలో కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి. రాత్రిళ్లు కూడా తలుపులు మూయని గుడి. రాకెట్టు వదిలే ముందు ఇస్రో పెద్దలు వచ్చి మొక్కుకుని పోయేది ఇక్కడే. దండం పెట్టుకుని తూర్పుకు తిరిగాం. శ్రీహరికోట రోడ్డు సరస్సును రెండుగా చీల్చుకుంటూ పోతుంది. దేశంలో చిలికా తర్వాత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. పటంలో పులికాట్, ఒడ్డున ముసలివాళ్ల నోట ప్రళయ కావేరి. స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' చదివినవాళ్లకు ఇక్కడి తిప్పలూ దొరువులూ చూడకముందే తెలిసి ఉంటాయి.

ఎండ ఎక్కేకొద్దీ నీళ్ల మీద లేత గులాబీ చార ఒకటి విడివడి కొంగలయింది. సముద్రపు రామచిలుకలంటారు వాటిని ఇక్కడ. పేపర్లలో ఫ్లెమింగోలు, 2001 నుంచి వాటి పేరిట పండుగ కూడా. ముక్కును తలకిందులుగా నీళ్లలో పెట్టి, బురదనీళ్లు వడగట్టి తింటున్నాయి. పుట్టినప్పుడు బూడిద రంగే. తిన్న నాచూ, చిన్న రొయ్యలూ రంగు పోస్తాయి. లోతు ఎక్కువ లేని సరస్సు కాబట్టి వాటి కాళ్లకు సరిపోయింది. సముద్రపు ముఖద్వారాలు పూడిపోయిన కొద్దీ నీళ్లు తగ్గుతున్నాయని ఒడ్డున వల బాగుచేసుకుంటున్న జాలరి ఒకాయన గొణిగాడు.

ఎదురుగా శ్రీహరికోట. గేటు దాటడానికి అనుమతి లేదు, పనీ లేదు. 1971 అక్టోబరు 9న అక్కణ్నుంచి మొదటి రోహిణి రాకెట్టు ఎగిరింది. అంతకు ముందు అక్కడ ఊళ్లున్నాయి, యానాదుల గూడేలున్నాయి. జనాన్ని తరలించినప్పుడు తోలుకుపోలేని పశువులు దీవిలోనే ఉండిపోయాయి. వాటి సంతతి ఇప్పుడు అడవి పశువులు. మనిషిని చూస్తే పారిపోతాయి. "వాటికి పలుపు తెలియదు, ఉప్పుచెక్క తెలియదు," అంది డాక్టరమ్మ. మరి బతుకుతున్నాయి కదా అన్నాను. "బతుకుతున్నాయి. అందుకే కదన్నా, మేం లేకపోతే ఏ ప్రాణీ బతకదని ఎప్పుడూ అనుకోను."

ఊరు చేరేసరికి పదకొండయింది. వేపచెట్టు కింద క్లినిక్ కుర్రాడు బల్ల వేయించి, నీళ్ల బిందె, సబ్బు, కార్డుల కట్ట సర్ది పెట్టాడు. చుట్టూ పిల్లలు. పిల్లల కాళ్ల మధ్య కుక్కలు. చేప తలలు తిని బలిసినవి, గజ్జి పట్టి బొచ్చూడినవి, చెవుల్లో పిడుదులు గుత్తులుగా వేలాడుతున్నవి.

పని మొదలుపెట్టే ముందు పిల్లలకు పాఠం చెప్పింది. కుక్క కరిస్తే కారం పెట్టొద్దు, సున్నం పెట్టొద్దు. పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీళ్లతో కడగాలి. ఆ వెంటనే ఆసుపత్రి. పదిహేను నిమిషాలంటే ఎంతసేపో తెలియాలని ఒక పిల్లాడి చెయ్యి పట్టుకుని కడగడం మొదలుపెట్టింది. రెండో నిమిషానికే వాడు "అయిపోయిందా?" అన్నాడు. ప్రపంచంలో రేబీస్‌తో పోయేవాళ్లలో మూడోవంతుకు పైగా మన దేశంవాళ్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. జబ్బు లక్షణాలు బయటపడ్డాక మందు లేదు. ఆ లెక్కలేవీ ఆమె అక్కడ చెప్పలేదు. "ఇంకా కడగాలి," అంటూ కడుగుతూనే ఉంది.

మొదటి కుక్క వచ్చింది. కుర్రాడు గాజుగుడ్డను ఉచ్చులా వేసి మూతి చుట్టూ బిగించి, చెవుల వెనక ముడివేశాడు. మెడ మీద తోలు ఎత్తి సూది వేయడం రెండు క్షణాల పని. ఆలస్యమంతా కార్డు దగ్గరే.

"ఎవరిదిది?"

"ఊరిది మేడం."

రెండోదీ ఊరిదే. మూడోది "అందరిదీ". నాలుగోది "వాళ్లింటి ముందర ఉంటుంది గానీ వాళ్లది కాదు". ఆమె కలం గడి మీద ఆగిపోయింది. అంతలో మొదటి కుక్కను పట్టుకొచ్చిన పిల్లాడు మళ్లీ వచ్చాడు. సూది వేసిన గుర్తుగా దాని మెడకు కట్టిన ఎర్ర దారం వాడికి నచ్చినట్టుంది. "నాదే మేడం అది. నా పేరు రాసుకోండి." పొద్దున్నుంచీ ఊరిదిగా ఉన్న కుక్క ఒక్క సూదితో వాడిదయింది. అది చూసి మిగతా పిల్లలు పోటీకొచ్చారు. ఒక కుక్క కోసం ఇద్దరు కొట్టుకుంటే కార్డులో ఇద్దరి పేర్లూ రాసింది. మధ్యాహ్నం మూడుకల్లా ముప్పై నాలుగు కార్డులు నిండాయి.

చివరికి ఒకటి మిగిలింది. చిరిగిన చెవి, కుంటి వెనక కాలు, పాలు ఎండిన ముసలి కుక్క. దాన్ని ఏ పిల్లాడూ అడగలేదు. ఇంటి అరుగు మీద కూర్చున్న అవ్వ ముందర అది పడుకుని ఉంది. 

"నీదా అవ్వా?"

"నాదేం కాదు తల్లీ. ఈడ పడుంటాది. ఇంత సద్ది పెడతా. నాదేం కాదు."

అవ్వ దాని తల మీద చెయ్యి వేస్తే మూతికి గుడ్డ కూడా అవసరం లేకపోయింది. సూది వేసి డాక్టరమ్మ ఆమె పక్కనే అరుగు మీద కూర్చుంది. "మొదటిసారి వేసినవాటికి నెలకు ఇంకో సూది పడాల. మళ్లా వస్తాం. ఆ పొద్దు దీన్ని ఎవరు పట్టుకుంటారు?"

అవ్వ కాసేపు సరస్సు వైపు చూసింది. "నేనే పట్టుకుంటాలే."

"నీ పేరేంది అవ్వా?"

పేరు చెప్పింది. డాక్టరమ్మ దాన్ని మొదటి గడిలో రాసి, అవ్వకు చదివి వినిపించి, కార్డు చేతిలో పెట్టింది. అవ్వ దాన్ని మడిచి రవికలో దోపుకుంది.

తిరుగు ప్రయాణంలో ఖాళీ ఐసుపెట్టె డిక్కీలోకి పోయింది. ముందు సీటు నాకు దక్కింది. నేలపట్టు మలుపు దగ్గర ఆమె కారు కొంచెం నెమ్మది చేసి, మళ్లీ వేగం పెంచింది. వాచరుకు ఫోను చేద్దామా అన్నాను. వద్దని తల ఊపింది. నాయుడుపేట టీ కొట్టు ముందు దిగేసరికి ఆమె ఫోనే మోగింది. స్పీకరులో ఒక మగ గొంతు, కంగారుగా.

"మేడం, మా కుక్కపిల్ల వాంతులు చేసుకుంటా ఉండాది. నిన్నటిదాకా బాగుండాది..."

ఆమె టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. "కంగారు పడొద్దు నాయనా, తీసుకుని రా, రెండు గంటల్లో వచ్చేస్తా. ఒకటి మాత్రం నిజం చెప్పు. ఎన్నాళ్ల నుంచి?"

అటువైపు కొంచెంసేపు మాట లేదు. ఆమె తొందరపెట్టలేదు.